అకింబో అన్న మాట, మా అమ్మ చెయ్యి

నేను పెనుకొండలో పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్తాను. పొద్దున హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగుతాను, సాయంత్రం ఏ బస్సు దొరికితే ఆ బస్సులో వెనక్కి వస్తాను. ఇన్నేళ్ళు ఇట్లా తిరిగిన మనిషికి ఓపిక ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నాకు లేదు. నాది ముక్కుమీది కోపం. అందులోనూ మాటల మీద మరీ కోపం. పాఠం సాఫీగా సాగుతుండగా ఎప్పుడూ వినని మాట ఒకటి తగిలితే, ఎవరో సందులో అడ్డంగా బండి నిలిపి పోయినట్టు ఒళ్ళు మండుతుంది. దాని సంగతి తేలిందాకా ముందుకు కదలను. పిల్లలకు ఈ సంగతి తెలుసు. పాఠం వినే ఓపిక లేని రోజున ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేంది మేడమ్ అని అడుగుతారు. ఆ గంట అంతటితో గడిచిపోతుంది.

ఒక ఏడు అట్లా వేలు పెట్టిన మాట 'అకింబో'. పాఠంలో ఒకావిడ వాకిట్లో నిలబడి ఉంటుంది, 'విత్ హర్ ఆర్మ్స్ అకింబో'. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, మోచేతులు రెండు పక్కలకూ పొడుచుకు వచ్చేట్టు నిలబడడం అని చెప్పాను. చెప్పడమే నా పొరపాటు. తరగతి తరగతంతా లేచి అట్లాగే నిలబడింది. బెంచీకి నలుగురు కూర్చునే చోట మోచేతులకు జాగా ఎక్కడిది? ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో గుచ్చుకుంది. కేకలు, తోపులాట. పక్క గది నుంచి లెక్కల సారు వచ్చి తొంగి చూసి వెళ్ళాడు.

అందరూ కూర్చున్నాక, అట్లా నిలబడితే మీకెవరు గుర్తొస్తారని అడిగాను. డ్రిల్లు సారు అన్నారు కొందరు. ఎస్సై అన్నారు కొందరు. ముందు వరసలోని పిల్ల ఒకతె నెమ్మదిగా, "మాయమ్మ మేడమ్. కొట్టేదానికి ముందర" అంది. అందరం నవ్వాం. పిల్లలు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంగ్లీషు కథల్లో ఈ మాట కనబడిందంటే, ఎవరో ఎవరి మీదో కోపంగా ఉన్నారనో, ఎదిరిస్తున్నారనో, నీ సంగతి తేలుస్తానని కాచుకున్నారనో అర్థం.

ఆ రోజు బస్సులో కూర్చుని ఫోనులో నిఘంటువులు వెదికాను. ఇది క్రియా విశేషణమే గానీ, చేసే పనిని గురించి కాక నిలబడిన తీరును గురించి చెప్తుంది. ఒంటరిగా రాదు. ముందు చేతులు రావాలి, వాటి వెనక ఇది రావాలి. ఈ మధ్య కాళ్ళకు కూడా వాడుతున్నారట, అడ్డదిడ్డంగా చాపుకుని కూర్చున్న వాళ్ళ గురించి. అది నాకు నచ్చలేదు. పుట్టుక సంగతి పెద్దలకే తేలలేదు. పదునైన వంపు అనే పాత మాటలోంచి వచ్చిందని కొందరు, కూజా పిడి అన్న మాటలోంచి వచ్చిందని కొందరు. నాకు కూజానే నచ్చింది. రెండు పక్కలా పిడులున్న కూజా, మనిషి అంత ఎత్తున. మనకు ఒక వాక్యం పట్టే భంగిమను ఎప్పుడో ఎవరో పల్లెటూరి ఇంగ్లీషువాడు ఒక్క మాటలో బిగించాడు కదా అని, కియా బండ్ల లారీలు వరసగా దాటిపోతున్న ఆ రోడ్డు మీద నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇట్లాంటి వాటికి పొంగిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

మా ఇంట్లో మాత్రం అట్లా నిలబడడం నిషేధం. నా చిన్నప్పుడు నడుము మీద చేతులు పడ్డాయంటే అమ్మ వెనకనుంచి వచ్చి మోచెయ్యి మీద ఒక్కటి వేసేది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆడపిల్ల అట్లా నిలబడకూడదు. నిలబడితే నీకంటే నేను తక్కువా అన్నట్టు లెక్క. పెద్దవాళ్ళంటే మా ఇంట్లో ఒక్కరే, పెద్దనాయన. మా నాయనకు అన్న.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. హిందూపురం అంచున, ఒకప్పుడు విడిగా పల్లెగా ఉండి ఇప్పుడు టౌనులో కలిసిపోయిన చోట ఉంది మా ఇల్లు. పెద్దమ్మ ముందే పోయింది, ఆ తరువాత మా నాయన పోయాడు. పెద్దనాయనకు ఒక్కతే కూతురు. ఆ అక్కనూ నన్నూ అమ్మే పెంచింది. అక్కను ధర్మవరంలో ఇచ్చారు. నేను పెండ్లి చేసుకోలేదు, అది వేరే పురాణం. అందుకని ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురం: పడసాలలో మంచం మీద పెద్దనాయన, లోపల అమ్మ, ఇద్దరి నడుమ నేను.

నడుమ అన్నది ఊరికే అనలేదు. మొగుడి అన్నతో తమ్ముడి పెండ్లాం ఎదురుపడి మాట్లాడకూడదని మాలో కట్టు. ఇప్పటివాళ్ళు ఎవరూ పాటించడం లేదు. వీళ్ళిద్దరూ మాత్రం తప్పలేదు. ఆయన లోపలికి రావాలంటే గడప దగ్గర దగ్గుతాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని ఒక పక్కకు తిరుగుతుంది. మాటలన్నీ నా మీదుగా పోవాలి. "పాపా, మజ్జిగ ఉండాదేమో అడుగు" అంటాడు, ఆమె రెండు బారల దూరంలో ఉండగా. "పాపా, ఉండాది, తెస్తాండా అని చెప్పు" అంటుంది ఆమె. నేను నోరు విప్పే పని కూడా ఉండదు.

ఒకసారి పక్కింటామె నవ్వుతూ చెప్పింది. నేను పెనుకొండలో పాఠాలు చెప్పుకుంటున్న వేళల్లో కూడా వాళ్ళు నాతోనే మాట్లాడతారట. "పాపా, కరెంటు పోయినట్టుండాది." "పాపా, మోటరు ఇంగ ఆన్ కాదని చెప్పు." అట్లా ఇంట్లో లేని నన్ను నడుమ నిలబెట్టుకుని రోజంతా మాట్లాడుకునేవారు. విని కాసేపు నవ్వాను. తరువాత నవ్వు రాలేదు. ఒక మాట తూలకుండా, ఒకరి ముఖం ఒకరు సరిగా చూడకుండా, ఇన్నేళ్ళు ఒకే పొయ్యి అన్నం తిన్న ఇద్దరు మనుషుల్ని తలుచుకుంటే ఒళ్ళు ఝల్లుమంది.

అకింబో పాఠమైన కొన్ని వారాలకు, ఒక పొద్దున సంగటి కెలుకుతూ కెలుకుతూ అమ్మ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. ఆలస్యం చేయకుండా బెంగళూరుకు తీసుకుపోయాం కాబట్టి మనిషి దక్కింది. మాట వచ్చింది, మూతి సరిగ్గా వచ్చింది, కాలు కూడా వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతూ ఉండిపోయింది. తన జడ తాను వేసుకోలేదు. చీర కుచ్చెళ్ళు పట్టుకోలేదు. నేను జడ వేస్తుంటే అద్దం వైపు చూసేది కాదు.

ఇంటికి వచ్చి వ్యాయామాలు చేయించేందుకు ఒక అమ్మాయిని కుదుర్చుకున్నాం. అగళి వైపు పిల్ల, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతుంది, చేతులు మెత్తన, మాట గట్టి. గోడ మీద వేళ్ళు పాకించడం, బంతి పిసకడం, తువ్వాలు లాగడం, ఇట్లా ఏవేవో నేర్పింది. ఆఖరుకు తన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడి చూపించింది.

"ఇట్ల పెట్టుకోని, మోచేతులు ముందుకీ వెనక్కీ ఆడించల్లమ్మా. అన్నిట్లోకీ ఇదే ముఖ్యం. ఇది చేయకపోతే భుజం బిగుసుకుంటాది. ఒకసారి బిగుసుకుంటే ఇంగ విప్పేది శానా కష్టం."

అమ్మ తల ఊపింది. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నాతో ఇంకొంచెం వివరంగా చెప్పింది. ఈ మొదటి నెలలే నెలలని, ఇప్పుడు కదలని చెయ్యి తరువాత కదలదని. ఇది వినిపించనంత దూరంలోనే పెద్దనాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు గానీ, ఆయన చెవులు పాము చెవులు.

అమ్మ అన్నీ చేసింది. గోడ మీద వేళ్ళు రోజురోజుకూ పైకి పాకాయి. బంతి పిసికి పిసికి ఆ బంతిలో గాలి పోయింది. నడుము మీద చేతులు మాత్రం పెట్టలేదు. ఆ అమ్మాయి వచ్చినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయంటుంది. నేను చేయమంటే ఇప్పుడే చేసినానంటుంది. కొన్నాళ్ళు శక్తి చాలక అనుకున్నాను. తలమీదికి పోగలిగిన చెయ్యి నడుము మీదికి పోలేకపోవడమేమిటని ఒకరోజు తట్టింది. ఎదురుగా కూర్చుని అడిగాను.

"ఏంటికమ్మా ఇదొక్కటి చేయవు?"

"చేస్తాలే."

"ఎప్పుడు చేస్తావు? భుజం కట్టె అయినాకనా?"

కాసేపు కొంగు అంచు నలిపింది. తరువాత గొంతు తగ్గించి, "మీ పెద్దనాయన ఈడనే ఉండాడు కదే" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "తలుపేస్తాను. లోపల గదిలో చెయ్యి" అన్నాను.

"తలుపేస్తే ఆయప్పకు కనపడదు. నాకు తెలుస్తాది కదా."

"భయమా ఆయనంటే?"

"భయమేంటికి? ఇన్నేండ్లలో ఆయప్ప నన్ను ఒక్క మాట అన్నాడా? మీ నాయన పోయినప్పుడు, నేను పుట్టింటికి పోతానంటే, పాపా, మీ అమ్మకు చెప్పు, ఈ ఇల్లు ఆయమ్మదే అన్నాడు. అట్లాటి మనిషి ఇంట్లో ఉండంగా నేను నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడల్లనా? నా చెయ్యి పోతే పోనీ."

కోపంతో లేచి బయటికి వచ్చాను. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే కదా అనుకున్నాను. రోగం ఒక పక్క, మర్యాద ఒక పక్క. అయితే వాకిట్లో నిలబడి కొంచెం చల్లబడ్డాక ఆ మాట మళ్ళీ మళ్ళీ చెవిలో తిరిగింది, 'నాకు తెలుస్తాది కదా' అన్న మాట. ఎవరూ చూడని గదిలో, తలుపు వేసుకుని కూడా, ఒక మనిషి పట్ల వంచిన తల ఎత్తకపోవడం. నేను ఇంత చదువుకుని ఎవరినైనా అట్లా గౌరవించానా అని వెదుక్కుంటే ఒక్కరూ దొరకలేదు. అమ్మ మీద కోపం పోలేదు గానీ, ఆ కోపం కాళ్ళు ముడుచుకుని ఒక మూల కూర్చుంది.

నేరుగా పడసాలలోకి పోయి పెద్దనాయనకు విషయమంతా చెప్పేశాను. ఆయన విన్నాడు. తువ్వాలు తీసి మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. మరుసటి పొద్దున చూస్తే సంచీ సర్దుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బిడ్డను చూసి శాన్నాళ్ళాయ. కొన్నాళ్ళు ధర్మవరంలో ఉండి వస్తా. మీ అమ్మకు చెప్పు."

అమ్మకు చెప్పే పని లేదు. గడప అవతలే ఉంది. మర్యాద తెలిసిన మనిషి చేయగలిగిన పని ఆయన చేశాడు. తన ఇల్లు తాను ఖాళీ చేశాడు. ఇక అమ్మ చేతికి అడ్డం లేదనుకుని నేను నిశ్చింతగా పెనుకొండ పోయాను.

సాయంత్రం వచ్చేసరికి అమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. గోడ మీద వేళ్ళు పాకించలేదు, బంతి ముట్టలేదు.

"నా చెయ్యి కోసరం ఇంటి పెద్దను ఊరు దాటిస్తివి. ఈ వయసులో ఆయప్ప బిడ్డ ఇంట్లో, ఇంగొకరి గడపలో తినల్లనా? మీ నాయన ఉంటే నన్ను ఏమనునో" అంది, గోడతోనే.

ఆ రోజు నుంచి పరిస్థితి ఇంకా పాడయింది. వంట నేనే చేసేదాన్ని. పెద్దనాయన ముద్ద కూడా చేయమనేది. చేసి, ఆయన కంచంలో పెట్టి, మూత పెట్టాలి. మాపటికి దాన్ని పక్కింటి ఆవుకు వేసేదాన్ని. ఆవు మాత్రం బాగుపడింది. అమ్మ భుజం బిగుస్తూ వచ్చింది. మునుపు తలదాకా పోయిన చెయ్యి చెవి దగ్గర ఆగిపోతోంది. వ్యాయామాల అమ్మాయి దాన్ని మెల్లగా ఎత్తి చూసి, నా వైపు తిరిగి, "సుమ్నే, ఊరికే ఆలస్యం చేస్తాండారు మేడమ్. ఇంగ రొన్నాళ్ళు పోతే నేనేమీ చేయలేను" అంది. అమ్మ విన్నది. విననట్టు కళ్ళు మూసుకుంది.

ఆదివారం రైలెక్కి ధర్మవరం పోయాను. అక్కవాళ్ళది సేద్యపు ఇల్లే గానీ, వానల్ని నమ్ముకోలేక మగ్గాలు పెట్టుకున్నారు. ఆ వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు మొదలవుతుంది, ఇంట్లోకి పోయినా ఆగదు. పెద్దనాయన ఆ చప్పుడుకు దూరంగా, వీధి వైపు అరుగు మీద కూర్చుని, ఎదురింటివాళ్ళు వీధి పొడుగునా సాగదీసి కట్టిన పట్టు దారాల వైపు చూస్తున్నాడు. మనిషి తగ్గాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "చెయ్యి ఎట్లుండాది?"

"అట్లే ఉండాది. నువ్వు పోయినాక అన్నీ మానేసింది. నిన్ను ఊరు దాటించినానని నాతో మాట్లాడదు."

ఆయన మళ్ళీ ఆ దారాల వైపు తిరిగాడు. "నేను పోతే చేస్తాది అనుకుంటినే" అన్నాడు, తనలో తాను.

నాకు విసుగు పెరిగింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తప్పుకుంటూ ఆ చెయ్యిని చంపేస్తున్నారనిపించింది. బడిలో పిల్లలకు చెప్పినట్టు ఆయనకు అకింబో గురించి చెప్పాను. "ఇంగ్లీషోళ్ళకు దీనికొక మాటే ఉండాది పెద్దనాయనా. వాళ్ళ కథల్లో కోపంగా, పొగరుగా ఉండే మనిషిని ఇట్ల నిలబెడతారు" అని, లేచి నిలబడి చేసి చూపించాను. చేసి చూపించాక గానీ తెలియలేదు, ఆయన ముందు నేనూ పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ అట్లా నిలబడలేదని. చేతులు దించబోయాను. ఆయన నవ్వాడు.

"అకింబో" అన్నాడు, పోయిన ముందు పండ్ల సందులోంచి. "ఉండనీ పాపా. పొగరని ఎవరన్నారు? మనకూ ఉండాడు కదా ఒకాయన, అట్ల నిలబడినాయన."

పెద్దనాయన వయసులో ఉన్నప్పుడు పండరి భజన నేర్పే గురువు. కాళ్ళకు గజ్జెలు కట్టి, తాళాలు వాయిస్తూ, పాండురంగడి మీద పాటలు పాడుతూ గుంపుగా అడుగులు వేస్తారు. నేను పుట్టేనాటికే మానేశాడు. ఇంట్లో ఎప్పుడూ ఆ ఊసు ఎత్తగా వినలేదు. ఆ అరుగు మీద మొదటిసారి విన్నాను.

"సామి తన భక్తుని చూడల్లని వచ్చినాడు. వాడు లోపల అమ్మానాయన కాళ్ళు పిసుకుతాండాడు. లేచి వస్తే వాళ్ళకు నిద్ర చెడుతుందని ఒక ఇటుక బయటికి విసిరి, సామీ, దీని మీద నిలబడు, నా పని కానీ అన్నాడు. ఇంగొకరైతే కోపం చేసుకోని పోతారు. ఆయన పోలేదు. ఇటుక మీద నిలబడినాడు. పని లేని చేతులు ఏమి చేస్తాయి? నడుం మీద పెట్టుకున్నాడు. ఇప్పటికీ అట్లే ఉండాడు. ఆ చేతుల్లో కత్తి లేదు, చక్రం లేదు. అది పొగరు కాదు పాపా. కాచుకోని ఉండడం. నేను పిల్లోళ్ళకు అడుగులు నేర్పేటప్పుడు మొదట అట్ల నిలబెట్టి, కాచుకోవడం నేర్పిస్తాంటిని. అది వచ్చినోడికే ఆట వస్తాది."

మగ్గాలు ఆగలేదు. ఆయన గొంతు వాటికంటే చిన్నది. అయినా ఒక్కో మాటా వినబడింది. నేను చూసిన నిఘంటువుల్లో ఎక్కడా ఈ అర్థం లేదు. లోకాలన్నీ ఏలేవాడు, ఒక మామూలు మనిషి చేతిలో పని తెమిలే వరకూ, అడిగిన చోట, అడిగినట్టు నిలబడడం. చిన్నప్పటి నుంచి గోడమీద పటంలో చూసిన బొమ్మే. ఏనాడూ ఆ చేతుల వైపు చూడలేదు. అంత పెద్దది అంత నెమ్మదిగా ఉండగలదా అనిపించి, గుండె నిండిపోయి, ఆ అరుగు మీద ఆయన పక్కన కూర్చుండిపోయాను.

ఆయన మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు. "మీ అమ్మ వచ్చిన కాణ్ణుంచీ చూస్తాండా. ఆయమ్మ చేతులకు పని లేని గడియ నేనెప్పుడూ చూడలే. నడుం మీదికి పోయేదానికి తీరికెక్కడిది వాటికి?" అన్నాడు. తరువాత కళ్ళు తుడుచుకుని, "హిందూపురానికి బండి ఎప్పుడుండాది?" అన్నాడు.

అక్క తినిపోండని ఎంత బతిమాలినా ఆగలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పెనుకొండ కొండ వచ్చి వెనక్కి పోయినా అటు చూడలేదు. ఇంటికి పోయి ఏం చేస్తావని నేను అడగలేదు. అడిగినా చెప్పడు.

మేం చేరేసరికి ఇంకా ఎండ ఉంది. పెద్దనాయన గడప దగ్గర దగ్గాడు. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మ ఉలిక్కిపడి లేచి, కుడి చేత్తో కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తిరిగింది. ఎడమ చెయ్యి అట్లాగే వేలాడుతోంది. ఆయన సంచీ కింద పెట్టాడు. ఎప్పుడూ మంచం వైపు తిరిగేవాడు, తిరగకుండా లోపలికి వచ్చాడు. ఆమెకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. కాళ్ళు దగ్గరికి తెచ్చుకుని, వీపు నిటారుగా చేసి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకున్నాడు. ఆ ముసలి ఒంట్లో ఆ వంపు ఎంత సరిగ్గా వచ్చిందంటే, నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

"అమ్మా" అన్నాడు.

నన్ను కాదు. నా వైపు చూడనే లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి, ఆమె ఆ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి, ఆయన ఆమెను పిలవడం అదే మొదలు.

"నేను నిలబడినాను. నీ చెయ్యి వచ్చిందాక ఈడనే ఉంటాను. నాకేమీ తొందర లేదు."

అమ్మ కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. ఆయన కదల్లేదు. వీధిలో ఎవరిదో బండి పోయింది, కుక్క మొరిగింది, ఆగింది. కొంతసేపటికి ఆయన మోకాళ్ళు సన్నగా అదరడం పంచె అంచుల్లో తెలిసింది. అమ్మ తల వంచుకునే ఉంది కాబట్టి ఆమెకు మొదట కనిపించింది అదే.

"పాపా, కుర్చీ వెయ్యి. ఆయప్పకు కాళ్ళు నొస్తాయి" అంది.

నేను కుర్చీ తెచ్చి పెట్టాను. ఆయన దాని వైపు చూడలేదు.

అమ్మ కుడి చెయ్యి కొంగు వదిలింది. కొంగు భుజం మీదికి జారింది, సర్దుకోలేదు. ఆ చెయ్యి నడుము మీదికి పోయింది. తరువాత ఎడమ చెయ్యి. ముందు వేళ్ళు చీర కుచ్చెళ్ళను పట్టుకున్నాయి. పట్టు జారింది. మళ్ళీ పట్టుకున్నాయి. మోచెయ్యి వెనక్కి పోవడానికి భుజం ఒప్పుకోవడం లేదు, ముఖమంతా నొప్పి. పళ్ళు బిగించి, వేళ్ళతో చీర మడతలు ఒక్కొక్కటే దాటిస్తూ పైకి తెచ్చింది. సాయం చేద్దామని నేను ఒక అడుగు వేశాను. పెద్దనాయన కళ్ళతోనే వద్దన్నాడు. ఆఖరుకు ఆ అరచెయ్యి నడుము మీద ఆనింది. అమ్మ తలెత్తింది. చెమటతో తడిసిన ముఖంతో, తెరిచిన కళ్ళతో, ఆయన ముఖంలోకి నేరుగా చూసింది. ఇద్దరూ ఎదురెదురుగా అట్లా నిలబడ్డారు.

"ఇంగ కూర్చో బావా" అంది అమ్మ.

పెద్దనాయన కూర్చున్నాడు. అమ్మ చేతులు తియ్యలేదు.